బడి బెంచీ, ఆసుపత్రి బల్ల డిజైన్ చేయాలనుకునేవాళ్లు ఏ కోర్సు చదవాలి?

ఇంటర్ అయ్యాక ఇంటీరియర్స్ చదువుతానంటే ఇంట్లోవాళ్లకు మొదట గుర్తొచ్చేవి ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్, టీవీ యూనిట్. ఆ పనికి గిరాకీ ఉంది, నేర్పే చోట్లకూ కొదవ లేదు. ఇక్కడ మాట్లాడుకునేది ఇంకో పని గురించి. అంగన్‌వాడీలో మూడేళ్ల పాప కూర్చునే పీట, పీహెచ్‌సీ వరండాలో నిండు గర్భిణి గంటసేపు కూర్చోవాల్సిన బల్ల, సంక్షేమ హాస్టల్లో బట్టలూ పుస్తకాలూ ఒకే ట్రంకు పెట్టెలో కుక్కుకునే పిల్లాడికి కావాల్సిన అర, వీల్‌చెయిర్లో వచ్చినవాళ్లకు అందని మీసేవ కౌంటర్. వీటిని బాగుచేయాలనుకునేవాళ్ల ముందు బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ), బీడెస్ (డిజైన్ డిగ్రీ), ఐటీఐ అనే మూడు దారులున్నాయి. పైచదువుకైతే విదేశాలూ ఉన్నాయి. ఒక్కో దారి ఒక్కో చోటికి చేరుస్తుంది. సీటు వచ్చాక కంటే రాకముందే ఆ తేడా తెలుసుకోవడం మంచిది.

ముందు ఒక బెంచీని దగ్గరగా చూద్దాం

ఏ కోర్సు మంచిదో తేల్చాలంటే అసలు ఈ పనికి ఏమేం తెలియాలో చూడాలి. ప్రభుత్వ బడిలో ఇద్దరు పిల్లలు కూర్చునే డ్యూయల్ డెస్క్‌నే తీసుకోండి. ఇనుప పైపు ఫ్రేము, పైన చెక్క, అంతే.

ఒకటో తరగతి పిల్ల సుమారు 110–115 సెం.మీ. ఎత్తుంటుంది. పదో తరగతికి వచ్చేసరికి చాలామంది 160 దగ్గరికి చేరతారు. బడి ఫర్నిచర్‌కు యూరప్‌లో పాటించే ఈఎన్ 1729 ప్రమాణం ప్రకారం 108–121 సెం.మీ. ఎత్తున్న పిల్లలకు సీటు నేల నుంచి 310 మి.మీ., బల్ల 530 మి.మీ. ఉండాలి. 159 సెం.మీ. దాటినవాళ్లకు సీటు 460, బల్ల 760. అందరికీ కలిపి 430 సీటు ఒకటే కొని వేస్తే చిన్నపిల్ల కాళ్లు గాల్లో వేలాడతాయి. సీటు అంచు తొడ కింద ఒత్తుకుని తిమ్మిరెక్కుతుంది. దాంతో ముందుకు జరిగి అంచు మీద కూర్చుంటుంది, వీపుకు ఆనుడు పోతుంది. టీచరు కంటికి మాత్రం ఆ పిల్ల కుదురుగా కూర్చోవడం లేదనే అనిపిస్తుంది.

కొలత తీసే పద్ధతి కష్టమేమీ కాదు. చెప్పులు విప్పించి, పాదం నేలకు పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టి, మోకాలి వెనక మడత నుంచి నేలదాకా కొలవాలి. తరగతికి 20–30 మందిని కొలిస్తే సరిపోతుంది. తప్పు జరిగేది ఆ తర్వాత. అందరి కొలతలూ కలిపి సగటు తీసి, దాన్నే సీటు ఎత్తుగా పెట్టేస్తారు. అప్పుడు దాదాపు సగం మందికి సీటు ఎత్తైపోతుంది. కొలతల్ని చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసుకుని చిన్నవాళ్ల వైపున్న కొలతను ఎంచుకోవాలి. సీటు కాస్త పొట్టిదైతే పొడుగు పిల్లాడు కాళ్లు చాపుకుని సర్దుకుంటాడు. ఎత్తైతే పొట్టి పిల్లకు వేరే దారి లేదు. పైగా మన పిల్లలు బెంచీ మీద కూడా బాసింపట్టు వేసుకుంటారు. యూరప్ పట్టికలో దానికి చోటు లేదు. అందుకే పరాయి పట్టికను కాపీ కొట్టకుండా, కూర్చునే తీరును వెళ్లి చూడాలి.

ఇక తయారీ. 25 మి.మీ. చదరపు ఎంఎస్ (మామూలు ఉక్కు) పైపు 16 గేజిలో అయితే సుమారు 1.6 మి.మీ. మందం, 18 గేజిలో 1.2 మి.మీ. పిల్లలు వెనక్కి ఊగినప్పుడు బరువంతా సీటూ వీపూ కలిసే వెల్డింగు మీద పడుతుంది. పల్చటి పైపు ఆ వెల్డింగు పక్కనే చిట్లుతుంది. కాళ్ల అడుగున ఉండే నైలాన్ బుష్ ఊడిందంటే గది కడిగిన నీళ్లు పైపులోకి ఎక్కి, పైన రంగు మెరుస్తూ ఉండగానే లోపల తుప్పు పడుతుంది. పైపలక పార్టికల్ బోర్డుదైతే (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసేది) అంచు నీళ్లు తాగి ఉబ్బుతుంది. ఒకసారి ఊడిన స్క్రూ మళ్లీ అదే రంధ్రంలో పట్టదు. నీటికి తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం ప్లైవుడ్ వేసి, అంచులు మూసి, స్క్రూలకు బదులు ఆరపార బోల్టూ నట్టూ బిగిస్తే ఊళ్లో ఎవరైనా స్పానరుతో బాగుచేసుకోగలరు.

లెక్క కూడా డిజైనే. 8×4 షీటు అంటే 2440×1220 మి.మీ. పైపలక 1200×400 అనుకుంటే, రంపం తినే మందం పోగా కూడా ఒక షీటుకు ఆరు పలకలు వస్తాయి. వెడల్పును 420 చేశారంటే ఐదే. 20 మి.మీ. పెంచినందుకు ఆరో పలక పోయి, పనికిరాని ముక్క మిగిలింది. వెయ్యి బెంచీలకు ఎన్ని షీట్లు తేడా వస్తుందో వేసి చూడండి: 167కు బదులు 200.

అంటే ఈ పనికి శరీర కొలతలు, సామగ్రి, వర్క్‌షాపు, ఖర్చు, వాడేవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి చూసే అలవాటు అన్నీ కావాలి. కోర్సుల్ని తూచాల్సింది ఈ తక్కెడలోనే.

బీఆర్క్: గదిని మార్చే హక్కు

అయిదేళ్ల కోర్సు. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ గుర్తింపున్న కాలేజీ అయి తీరాలి. ప్రవేశం నాటా అనే ఆర్కిటెక్చర్ ప్రవేశపరీక్ష ద్వారా, లేదా జేఈఈ మెయిన్ పేపర్ 2 ద్వారా. ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ తప్పనిసరి కాబట్టి బైపీసీ వాళ్లకు ఈ తలుపు మూసినట్టే. మన దగ్గర విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008లో మొదలైంది. హైదరాబాద్‌లో జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉన్నాయి.

దీని బలం భవనం మీద పట్టు. బడి అరుగు 450 మి.మీ. ఎత్తుంటే 1:12 వాలుతో ర్యాంపు 5.4 మీటర్లు పొడవుండాలి. అంత జాగా ఎక్కడ, మలుపు ఎక్కడ, పైన వాననీళ్లు ఎటు పోవాలి అన్నది బీఆర్క్‌లో నేర్పినంత గట్టిగా ఇంకెక్కడా నేర్పరు. గాలి, వెలుతురు, మరుగుదొడ్లు, ఎస్టిమేటు, స్పెసిఫికేషన్ రాయడం కూడా అంతే. ప్రభుత్వ బడులు, ఆసుపత్రుల పని ఇంజినీరింగ్ విభాగాల చేతుల మీదుగా నడుస్తుంది. వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగలిగితేనే మీ డిజైన్ టెండరు దాకా చేరుతుంది.

లోటు కూడా స్పష్టమే. ఫర్నిచర్ చాలా కాలేజీల్లో ఒక ఎలెక్టివ్, అంటే ఇష్టమైతే ఎంచుకునే సబ్జెక్టు. అయిదేళ్లలో ఒక్క కుర్చీ కూడా చేత్తో చేయకుండా పట్టా తీసుకోవచ్చు.

పేరు సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోగలరు. ఆ చట్టం ఆపేది పేరు వాడకాన్నే, పనిని కాదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. కాబట్టి బీడెస్ చేసినవాళ్లు ఇంటీరియర్ పని నిక్షేపంగా చేయొచ్చు, కార్డు మీద ‘ఇంటీరియర్ ఆర్కిటెక్ట్’ అని అచ్చు వేయించుకోకూడదు. ఇంటీరియర్ డిజైనర్లకు మన దేశంలో చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు. ఐఐఐడీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్) సభ్యత్వం ఉంది గానీ అది స్వచ్ఛందం.

బీడెస్: వస్తువు మీద చేయి

నాలుగేళ్ల కోర్సు. ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వాళ్ల డాట్ ప్రవేశపరీక్షకైనా, ఐఐటీల యూసీడ్‌కైనా ఇంటర్లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. సీఈసీ, బైపీసీ పిల్లలకు ఇది పెద్ద వెసులుబాటు.

ఫర్నిచరే ప్రాణం అనుకునేవాళ్లు మొదట చూడాల్సింది అహ్మదాబాద్. 1961లో మొదలైన ఎన్‌ఐడీలో ఫర్నిచర్ అండ్ ఇంటీరియర్ డిజైన్ ప్రత్యేక విభాగంగా ఉంది. భారతీయుల శరీర కొలతలను సేకరించి 1997లో పుస్తకంగా తెచ్చిందీ ఈ సంస్థే. సీటు ఎత్తులాంటి లెక్కలకు మన వాళ్ల కొలతలు అందులో దొరుకుతాయి. అదే ఊళ్లో సెప్ట్ యూనివర్సిటీలో ఇంటీరియర్ డిజైన్ స్కూలు 1991 నుంచి ఉంది.

ఇక్కడ మన ఇళ్లల్లో తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. అమరావతి దగ్గర శాఖమూరులో ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది కదా, ఇంటికి దగ్గర, అక్కడే ఫర్నిచర్ చదవొచ్చు అనుకుంటారు. అక్కడున్నవి ఇండస్ట్రియల్, కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ డిజైన్. ఫర్నిచర్‌కు దగ్గరగా వచ్చేది ఇండస్ట్రియల్ డిజైన్. బడి బెంచీ, అంగన్‌వాడీ పీట లాంటి వస్తువులకు అది బాగానే సరిపోతుంది. గది లోపలి ఏర్పాటు మాత్రం అందులో ముఖ్య పాఠం కాదు. అహ్మదాబాద్‌లో కూడా మొదటి ఏడాది అందరికీ కలిపి ఫౌండేషన్ ఉంటుంది. విభాగం ఎలా కేటాయిస్తారో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చదివాకే ఆప్షన్లు పెట్టండి.

హైదరాబాద్‌లోనే ఉండి చదవాలంటే జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీడెస్ ఇంటీరియర్ డిజైన్ ఉంది, ప్రవేశం ఫాడీ పరీక్షతో. ఐఐటీ హైదరాబాద్ బీడెస్ మంచిదే గానీ దాని పరిధి విశాలం. స్క్రీన్ మీది డిజైన్ నుంచి వస్తువుల దాకా అన్నీ ఉంటాయి. చెక్కా ఇనుమూ వైపు మీరు పట్టుబట్టి వెళ్లాలి.

బీడెస్ బలం వర్క్‌షాపు. గీసింది చేసి చూసి, విరిగితే ఎందుకు విరిగిందో తెలుసుకోవడం. ఈ దారిలో మేం చూసే పెద్ద బలహీనత, ‘సోషల్ డిజైన్’ అన్న మాట ఒక్క సెమిస్టరుకే పరిమితం కావడం. ఊరికి వెళ్తారు, ఫొటోలు తీస్తారు, అందమైన బుక్‌లెట్ చేస్తారు, జ్యూరీ (మార్కులేసే సమీక్ష) అయిపోతుంది. చేసిన బల్ల ఆరు నెలల తర్వాత ఎలా ఉందో ఎవరూ వెళ్లి చూడరు. ఊరివాళ్లు తమ సమయం ఇచ్చారు, బదులుగా వాళ్లకు ఏదీ మిగల్లేదు. ఇది ఆ ఊరికి అన్యాయం, విద్యార్థికి నష్టం. చదువులో అసలు భాగం ఆ రెండోసారి వెళ్లడంలోనే ఉంది.

ఏడాది ‘ఇంటీరియర్ డెకరేషన్’ డిప్లొమాల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ వస్తుంది, డ్రాఫ్టింగ్ ఉద్యోగం దొరుకుతుంది. మనం అనుకుంటున్న పనికి అవి చాలవు.

ఐటీఐ, వడ్రంగం

ఐటీఐలో వడ్రంగి ట్రేడ్ ఒక ఏడాది, ఎనిమిదో తరగతి చదివినా చేరొచ్చు. దీన్ని చదువు రానివాళ్ల దారిగా చూడటం మన సమాజానికి పట్టిన జబ్బు. చిత్రిక పట్టి చెక్కను చదును చేయడం, ఉలితో తొలిచి అతుకు కుదర్చడం, పచ్చి చెక్క ఆరాక ఎటు వంగుతుందో చూపుతో చెప్పడం ఇక్కడ వచ్చినంతగా డిజైన్ స్కూళ్లలో రావు. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో యంత్రాల మీద చెక్కపనికి శిక్షణ కేంద్రం ఉంది. వడ్రంగి కుటుంబాల పిల్లలకు అదొక మంచి మెట్టు. బీఆర్క్, బీడెస్ పిల్లలు కూడా ఒక వేసవి సెలవుల్లో ఇలాంటి చోట పని నేర్చుకుంటే తర్వాతి మూడేళ్ల డ్రాయింగులన్నీ మారిపోతాయి.

చెక్కను చదవడానికి మన ఊళ్లే బడులు. ఏటికొప్పాకలో లక్కపిడతలకు అంకుడు కర్ర, కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి. రెండూ మెత్తన, పని సులువు, బొమ్మకు అందుకే బాగుంటాయి. రోజూ నలుగురు ఎక్కి దిగే బెంచీకి ఆ మెత్తదనమే శత్రువు. ఆ వర్క్‌షాపుల్లో రెండు రోజులు కూర్చుంటే ఇది చేతికే తెలుస్తుంది.

ఐటీఐ లోటు: బడ్జెట్ ప్రతిపాదన, డ్రాయింగ్ సెట్, వాడుకరుల పరిశీలన నివేదిక రాయడం నేర్పరు. అవి లేకపోతే చేయి ఎంత మంచిదైనా ఇంకొకరి డిజైన్‌కు పనిచేసే స్థానంలోనే ఉండిపోతారు.

విదేశంలో మాస్టర్స్

ఇంటీరియర్, ఫర్నిచర్ రెండూ కలిపి ఒకే అంశంగా చదవాలంటే స్వీడన్, నార్వే ఉన్న స్కాండినేవియా ముందుంది. స్టాక్‌హోమ్‌లో 1844 నాటి కాన్‌స్ట్‌ఫాక్, ఓస్లోలోని నేషనల్ అకాడమీ ఆఫ్ ది ఆర్ట్స్ ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌నూ ఫర్నిచర్‌నూ ఒకే చదువుగా చూసే సంప్రదాయంలోవి. గది, అందులోని కుర్చీ, ఆ కుర్చీని కొనే మున్సిపాలిటీ మూడూ ఒకే ప్రశ్నలో భాగమన్నది వాళ్ల ఆలోచన. కాన్‌స్ట్‌ఫాక్‌లో బ్యాచిలర్స్ స్వీడిష్‌లో ఉంటుంది, మాస్టర్స్ ఇంగ్లిష్‌లో, రెండేళ్లు.

ఖర్చు విషయంలో పాత మాటలు నమ్మకండి. స్వీడన్ 2011 నుంచే యూరప్ బయటివాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. ‘నార్వేలో చదువు ఫ్రీ’ అన్న మాట 2023 శరదృతువుతో మన వాళ్లకు చెల్లిపోయింది. ఆ ఫీజుకు అప్పు చేస్తే తిరిగి కట్టడానికి ఖరీదైన ఇళ్ల పనే చేయాల్సి వస్తుంది, బడి బెంచీ వెనక్కి పోతుంది. స్కాలర్‌షిప్ ఉంటే వెళ్లండి. లేదంటే ముందు ఇక్కడ రెండు మూడేళ్లు పని చేసి, ఏ ప్రశ్నతో వెళ్తున్నారో తేల్చుకుని వెళ్లడం మా సలహా. డిగ్రీ అయిన వెంటనే వెళ్లాలన్న తొందర అవసరం లేదు.

కాలేజీకి వెళ్లినప్పుడు ఏం చూడాలి

ర్యాంకింగ్‌ల కంటే ఒక పూట తిరిగి చూడటం నయం. నేరుగా వర్క్‌షాపుకు వెళ్లండి. తాళం వేసి ఉంటే, లేదా బ్యాండ్‌సా (చెక్క కోసే రంపపు యంత్రం) మీద దుమ్ము పేరుకుని ఉంటే విషయం అక్కడే తేలిపోయింది. కింద రంపపు పొట్టు, విరిగిన జాయింట్లు, సగం చేసిన కుర్చీలు కనిపించాలి. పూర్తి సైజులో చేసిన వస్తువులు ఏడాదికి ఎన్నో సీనియర్లను అడగండి. మూడో ఏడాది వాళ్లు కూడా 1:10 థర్మోకోల్ మోడల్స్‌తోనే సరిపెడుతున్నారంటే అక్కడ ఫర్నిచర్ రాదు. వర్క్‌షాపులో ఇన్‌స్ట్రక్టరు రోజంతా ఉంటారా, సాయంత్రం ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, చెక్క ఖర్చు ఎవరిది అన్నవీ అడగాలి. మోడల్స్, ప్రింట్లు, సామగ్రి ఫీజులో కలవవు. చాలా కుటుంబాలకు ఆ దెబ్బ రెండో ఏడాదిలో తెలుస్తుంది.

తర్వాత ఇంకో ప్రశ్న: కిందటేడు బడిలోనో ఆసుపత్రిలోనో చేసిన ప్రాజెక్టు ఏదైనా ఇప్పటికీ వాడుకలో ఉందా? ఉందంటే వెళ్లి చూడండి. లేదంటే ఎందుకు లేదో చెప్పగల ప్రొఫెసరున్నా మంచి కాలేజీయే.

పోర్ట్‌ఫోలియోకు ఒక పని

దగ్గర్లోని పీహెచ్‌సీలో అనుమతి తీసుకుని ఒక ఓపీ పూట కూర్చోండి. ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు నిలబడే ఉన్నారో, ఎవరు నేల మీద కూర్చున్నారో పది నిమిషాలకోసారి ప్లాన్ మీద చుక్కలు పెట్టండి. రోగుల ఫొటోలు వద్దు, బొమ్మ గీసుకోండి. నిండు గర్భిణి, ముసలివాళ్లు లేచేటప్పుడు చేయి దేనికి ఆనిస్తున్నారో గమనించండి. చేతి ఆనుడు లేని బల్ల అయితే పక్కవాళ్ల భుజమో గోడో ఆసరా అవుతుంది. సీటు ఎత్తు 400 నుంచి 450కి పెంచితే లేవడం తేలిక, పొట్టివాళ్లకు పాదం అందదు. చేతి ఆనుడు సీటు ముందు అంచు దాకా రావాలి, వెనకే ఆగిపోతే లేచేటప్పుడు పనికిరాదు. బల్ల పక్కన వీల్‌చెయిర్ తిరగడానికి 1500 మి.మీ. ఖాళీ ఉందా కొలవండి. ఆ తర్వాత పాత అట్టపెట్టెలతో పూర్తి సైజు నమూనా చేసి ఇంట్లో నానమ్మనో అమ్మమ్మనో కూర్చోబెట్టి చూడండి. ఈ మొత్తం నాలుగు పేజీల్లో పెడితే, ఇంటర్నెట్లో చూసి గీసిన ఇరవై సోఫాల కంటే ఇంటర్వ్యూలో బరువు తూగుతుంది. తప్పైన నమూనాను దాచొద్దు, అదే మొదటి పేజీలో పెట్టండి.

ఎవరికి ఏది

ఎంపీసీ చదివి, బడి కట్టడాన్నే మార్చాలి, సర్కారు పనుల్లోకి దిగాలి అనుకుంటే బీఆర్క్. ఫర్నిచర్ మోజు తీరాలంటే వేసవుల్లో చెక్కపని నేర్చుకుని, తర్వాత ఫర్నిచర్‌లో ఎండెస్ (డిజైన్‌లో మాస్టర్స్) చేయండి. మా అభిప్రాయంలో ఈ పనికి ఇదే అన్నిటికంటే గట్టి జోడీ, కాకపోతే కనీసం ఏడేళ్లు పడుతుంది. ఇంటి పరిస్థితి అంతకాలం ఆగనివ్వకపోతే బీడెస్ మేలు. చేత్తో చేయడమే ఇష్టం, మ్యాథ్స్ లేదు అన్నా బీడెస్సే. అందులోనూ ఇంటీరియర్ పేరున్న కాలేజీ కంటే వర్క్‌షాపు నడిచే కాలేజీ. ఇంట్లో ఇప్పటికే వడ్రంగం ఉంటే ఐటీఐ, బెంగళూరు శిక్షణ, పక్కన డ్రాయింగూ ఎస్టిమేటూ నేర్చుకోవడం. నాలుగేళ్ల తర్వాత మీ షాపుకు బీడెస్ పిల్లలే ఇంటర్న్‌షిప్‌కు వస్తారు.

తేదీలు ఏటా కాస్త మారతాయి, వరస మాత్రం ఇంచుమించు ఇదే. డాట్, యూసీడ్ దరఖాస్తులు ఇంటర్ రెండో ఏడాది దసరా, దీపావళి రోజుల్లోనే మొదలవుతాయి. యూసీడ్ పరీక్ష జనవరిలో. జేఈఈ మెయిన్ పేపర్ 2 జనవరిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి. నాటా వేసవిలో. బోర్డు పరీక్షలయ్యాక చూద్దాం అనుకున్నవాళ్లకు డాట్, యూసీడ్ రెండూ చేజారతాయి. కాబట్టి పీహెచ్‌సీ పరిశీలన, అట్ట నమూనా మొదటి ఏడాది వేసవి సెలవుల్లోనే అయిపోవాలి. అందుకు కావాల్సినవి అయిదు మీటర్ల టేపు, గళ్ల నోట్‌బుక్, పెన్సిలు, ఫ్యాన్ల షాపులో ఊరికే ఇచ్చే పెద్ద అట్టపెట్టెలు రెండు.